గాలి వినే పెదనాన్న

మా ఊరి రైతులకు బుర్ర లేదని ఎవరూ అనలేరు. ఉంది. దాన్ని తీసుకెళ్ళి వాన పెదనాన్న గుమ్మంలో పెట్టి వచ్చాం, అంతే.

నిరుడు మేమంతా తొలి వానకే ఎగబడి విత్తాం. మొలకలన్నీ మాడిపోయాయి. ఆయన ఒక్కడే ఆగి విత్తి, ఇల్లు నింపుకున్నాడు. ఎందుకాగావని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకే మేం బోల్తా పడ్డాం. వాన పెదనాన్న అని పేరు పెట్టిందీ మేమే. ఇకమీదట ఆయన విత్తాకే మనమూ అని ఒట్టు పెట్టుకున్నాం.

ఈసారి వాన బాగానే పడింది. నేల మంచి పదును మీదుంది. ఆ తడి ఆరేలోగా విత్తకపోతే ఈ ఏటికి పంట మీద ఆశ వదులుకోవడమే. విత్తనాల సంచులు ముందేసుకుని కూర్చున్నాం.

పెదనాన్న రోజూ పొద్దున్నే గట్టెక్కి, కళ్ళు మూసుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడతాడు. కాసేపటికి తల అడ్డంగా ఊపి ఇంటికి వెళ్ళిపోతాడు.

"గాలిని వింటున్నాడ్రా," అన్నాడు మా బావ గుసగుసగా.

"ఏమంటోందట?"

"అది తెలిస్తే మనం ఇలా ఎందుకుంటాం!"

ఆయనకు అడ్డం రాకూడదని ట్రాక్టర్లు ఎక్కడివక్కడ ఆపేశాం. కోళ్ళను గంపల కింద మూశాం. మా బావ దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఎండ ముదిరింది. చేలో మట్టి పిడికిట్లో ముద్ద కట్టకుండా పొడిపొడిగా రాలుతోంది.

"ఆ విత్తనాలు వేయించుకు తింటారా ఏం? వెళ్ళి అడగండి!" అని మా ఆవిడ నన్ను బయటికి తోసింది.

వాళ్ళింటికి వెళ్ళాను. పెదనాన్న గట్టు మీదే ఉన్నాడు. అరుగు మీద పెద్దమ్మ చేటలో గింజలు ఏరుతోంది.

"పెద్దమ్మా, పెదనాన్న ఎప్పుడు విత్తమంటాడు?" నిజంగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పెద్దమ్మ చేట కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"నిరుడంటే మా విత్తే గొర్రు విరిగి ఆయన ఆగిపోయారు గానీ, మీ ట్రాక్టర్ల చప్పుడు వినిపించాకే విత్తడం కదరా ఆయన అలవాటు, రోజూ గట్టెక్కి చెవులు రిక్కిస్తుంటే ఒక్కడూ బండి తియ్యడేంట్రా!"