ఐదు తీగల బాంజో

"అది నా బాంజో, మహిపాలన్నా!"

"ఉద్యమంల నాది, నీది అని ఉండదు చెల్లె. ఇయ్యాల ఎల్బీనగర్ ధూంధాంల ఆకాశ్ వాయిస్తడు. నువ్వు కోరస్‌ల నిలబడు."

తెలంగాణ ఉద్యమ పాటల బృందం నాయకుడు మహిపాల్ అంతటితో మాట తెంపేసి, బాంజోను తన బామ్మర్ది ఆకాశ్ చేతిలో పెట్టాడు. ఆకాశ్ తల దించుకున్నాడు. అది కూడా నటనలాగే కనిపించి జ్యోతికకు ఒళ్లు మండిపోయింది.

కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన చవకరకం బాంజో అది. కంజీరలాంటి గుండ్రటి ముఖం, పొడుగాటి మెడ, ఐదు తీగలు. 'మన పాటలకు గా అమెరికా బాజా ఏంది?' అని నవ్వినవాళ్లను లెక్కచేయకుండా, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో వేళ్లు బొబ్బలెక్కేలా ఏడాదిపాటు సాధన చేసింది. తీరా స్టేజీ ఎక్కే రోజు వచ్చేసరికి బామ్మర్ది గుర్తొచ్చాడు ఈయనకు!

'గంత మందిల ఇద్దరి పరువూ తీస్త' అనుకుంది.

మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో స్టేజీ వెనక అందరూ అన్నాలకు లేచారు. బాంజో కుర్చీలో ఒంటరిగా ఉంది. జ్యోతిక బ్యాగులోంచి నెయిల్‌కట్టర్ తీసి, దాని ఆకురాయితో తీగల మొదళ్లు రాకింది. ఒక్కొక్కటీ వెంట్రుకవాసి మిగిలేదాకా, పళ్లు బిగించి రాకింది.

సాయంత్రానికి చౌరస్తా నిండా జనం. ఆకాశ్ వేలు పెట్టగానే టంగుమని ఒక తీగ తెగింది. వెంటనే రెండోది. పల్లవి పూర్తయ్యేసరికి ఐదూ వేలాడుతున్నాయి.

"దిగురా, దిగు!" జనంలోంచి ఈలలు.

మహిపాల్ ముఖం మాడిపోయింది. కోరస్‌లో జ్యోతిక నవ్వు ఆపుకోలేక గులాబీ కండువా నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆకాశ్ తెగిన తీగలను పక్కకు తోసేశాడు. తర్వాత బాంజోను చంకలోకి లాక్కుని, దాని ముఖం మీద పది వేళ్లతో దరువు మొదలుపెట్టాడు. మైకులో ఆ దరువు ఉరిమింది. ఈలలు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక ముసలాయన లేచి చిందేశాడు. చూస్తుండగానే చౌరస్తా మొత్తం ఊగిపోయింది.

"జై తెలంగాణ!"

"ఇగ నుంచి గిట్లనే కొట్టురా! దీనికి తీగలే ఒద్దు!" మహిపాల్ స్టేజీ మీదే బామ్మర్దిని వాటేసుకున్నాడు.

జ్యోతిక విసవిసా మెట్లు దిగింది. వెనకనే చెమటలు కక్కుతూ ఆకాశ్ వచ్చాడు. బాంజోను ఆమె చేతుల్లో పెట్టి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు తీగలు రాకుతుంటె టెంటు ఎన్క నుంచి సూసిన అక్కా, ఎవ్వలకు చెప్పలే. నాకు డప్పు తప్ప బాంజో రాదని బావకు చెప్పే దమ్ము లేక సస్తుంటి, దేవునిలెక్క నువ్వే బచాయించినవ్!"