నాలుగో బోల్టు

సగం దించిన షట్టర్ కింద నుంచి మెకానిక్ వాల్యా తల బయట పెట్టాడు.

"సమ్మె అన్నా. పని బంద్."

సకల జనుల సమ్మె మొదలయ్యాక జనగామలో దుకాణాలు తెరవడం లేదు. బస్సులు తిరగడం లేదు. ఖాళీ రోడ్ల మీద ఎప్పుడో ఒక కారు మాత్రం రయ్యిమని దూసుకుపోతుంది.

అలాంటి కారే ఇప్పుడు షెడ్డు ముందు ఆగింది. ప్రశాంత్ దిగాడు. భూపాలపల్లిలో బొగ్గు కాంట్రాక్టరు కొడుకు. పాత కారుకు టర్బో పెట్టించి పందేలకు తిప్పుతుంటాడు.

"వరంగల్ నుంచి తొక్కుకుంట వచ్చిన. ఇంజన్ల ఆయిల్ మసులుతున్నది. ఆయిల్ కూలర్ డిక్కీల ఉన్నది, ఇప్పుడే పెట్టాలె. ఆదివారం మానుకోట రోడ్డు మీద పందెం."

వరంగల్ రోడ్డు అనగానే వాల్యా షట్టర్ కొంచెం పైకి లేపాడు.

"పెడ్త. కానీ పనయినంక అదే రోడ్డుకు ట్రయల్ పోవాలె. మా యాడి నడిచి వస్తున్నది. ఎక్కించుకొని రావాలె."

యాడి అంటే అమ్మ. పేరు రుక్కి. నిన్న ఇక్కడి దవాఖానలో వాల్యాకు కూతురు పుట్టింది. మనవరాలిని చూడకుండా ఆగలేక రుక్కి పొద్దున్నే జఫర్‌గఢ్ పక్క తండా నుంచి బయల్దేరింది. రఘునాథపల్లి దాకా ట్రాక్టర్ దొరికిందని, అక్కడి నుంచి నడుస్తున్నానని ఎవరి ఫోన్‌లోనో చెప్పింది. ఈపాటికి రావాలి.

ప్రశాంత్ వాచీ చూసుకున్నాడు.

"ముందు పని కానీ."

కారు ఇంకా తడిగా ఉంది.

"కడుక్కొని వచ్చినవు, పెండ్లికి పోతున్నవా అన్నా?"

"బురద అయింది."

ముందు బంపరు నడిమికి పగిలి ఉంది.

"మరి ఇదేంది?"

"రాస్తారోకో కాడ రాయి ఏసిన్రు."

వాల్యా నవ్వాడు. "మావోళ్ళే అయ్యుంటరు. సమ్మెల బండి తీస్తే ముద్దు పెట్టుకుంటరా?"

ఆ రోజుల్లో పగిలిన బండిని చూసి ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు.

"ఎట్లాగు కూలర్‌కు గాలి ఆడాలె గద. ఆ నడిమి ముక్క మొత్తం కోసి పడెయ్" అన్నాడు ప్రశాంత్.

వాల్యా కోశాడు. ఆయిల్ ఫిల్టర్ విప్పి, అది కూర్చునే చోట ప్లేటు బిగించాడు. ప్లేటు నుంచి రెండు గొట్టాలు ముందుకు లాగాడు. వేడి ఆయిల్ ఒక గొట్టంలో కూలర్‌కు పోయి, గాలికి చల్లబడి, రెండో గొట్టంలో వెనక్కి వస్తుంది. కూలర్‌ను రేడియేటర్ ముందు నిలబెట్టి నాలుగు బోల్టులు పెట్టాడు. మధ్యమధ్య తలెత్తి రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు.

వాషర్లు మూడే ఉన్నాయి. డబ్బా అంతా కెలికాడు. ఆ సైజుది లేదు. కొనడానికి దుకాణం లేదు. వాషరు లేకపోతే అదురుకు బోల్టు వదులవుతుంది.

అప్పుడు కనబడింది, ముందు జాలీలో ఇరుక్కున్న వాషరు. రూపాయి బిళ్ళంత ఉంది. కొంచెం వంగింది. రంధ్రానికి ఎర్ర దారం చుట్టుకుని ఉంది. చేతులు తుడుచుకునే దారపు పీచు షెడ్డులో దేనికైనా అంటుకుంటుంది. వాల్యా బ్లేడుతో దారం కోసి ఊదేశాడు. వాషరును రాయి మీద పెట్టి సుత్తితో సాపు చేశాడు. నాలుగో బోల్టుకు వేసి బిగించాడు. సరిగ్గా సరిపోయింది.

"నసీబ్ అంటే నీదే అన్నా. కావాల్సింది నీ బండే ఇచ్చింది."



ఇంజన్ నడిపి చూశారు. ఎక్కడా చుక్క కారలేదు. ప్రశాంత్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వాల్యా కిటికీ పట్టుకున్నాడు.

"రఘునాథపల్లి దిక్కు పో అన్నా."

"అటు కాదు. సూర్యాపేట రోడ్డు మంచిగుంటది."

"మాట అనుకున్నం గదన్నా. జర పో. ముసల్ది, ఎండల నడుస్తున్నది."

"నేనెట్ల గుర్తుపట్టాలె? మీ తండా ముసలోళ్ళంత ఒక్క తీరే ఉంటరు. గవే అద్దాలు, గవే గాజులు."

వాల్యా మురిపెంగా నవ్వాడు.

"మా యాడిని ఎవ్వలైన గుర్తుపడ్తరన్నా. రైక మీద ఒక అద్దం ఊడిపోతే, నా డబ్బాలకెళ్ళి వాషరు తీసుకపోయి ఎర్ర దారంతోని కుట్టుకున్నది."