బతాకా మీద ఎనిమిది

"తమ్మీ, నీ బతాకా జర చూపియ్యి."

పర్శరాములు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. దుబాయ్ ఎయిర్‌పోర్టు వరుసలో అతని వెనక ఓ నడివయసు మనిషి. మెడ దాకా గుండీలు. కనుబొమల నిండా రాతిదుమ్ము. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియలేదు.

బతాకా అంటే ఆ ఏడే కొత్తగా ఇచ్చిన కార్డు. అది ఉంటేనే సెలవు మీద పోయినవాణ్ణి మళ్లీ రానిస్తారని షార్జా క్యాంపులో చెప్పారు. మూడేళ్ల తర్వాత ఇంటికి పోతున్న పర్శరాములు దాన్ని లోపలి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చుకున్నాడు.

"ఎందుకన్నా?"

"చూపియ్యి."

ఎందుకో కాదనలేక, పిన్నీసు తీసి, చేతిలోని పాస్‌పోర్టు పక్కన పెట్టి చూపించాడు.

ఆ మనిషి కార్డును ముట్టుకోలేదు. వంగి చూశాడంతే.

"పాస్‌పోర్టుల ఆఖరు అంకె ఏడు. దీని మీద ఎనిమిది కొట్టిండ్రు. అరబ్బీల ఏడును బోర్లిస్తే ఎనిమిదైతది. పోవుడు పోతవు గని, మల్ల రానియ్యరు. దిద్దిచ్చుకో."

కౌంటర్‌లో ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. అంకె దిద్ది ముద్ర వేశాడు. వెనకున్న మనిషిని ఏమీ అడగలేదు. అటు చూడనైనా లేదు.

"నీ బతాకా ఏదీ, అన్నా?" అన్నాడు పర్శరాములు.

"గుంజుకున్నరు. నేను మల్ల రాను. ఖలాస్."

"మరి సామాను?"

"కింద ఏసిండ్రు."

విమానం మెట్ల దగ్గర ఆ మనిషి ఆగిపోయాడు.

"మాది మెట్‌పల్లి దిక్కు తమ్మీ. బొంబాయిల దిగినంక నన్ను ఇడిసిపెట్టి పోకు. ఆడ నాకెవ్వరు లేరు."

"అట్లనే అన్నా."

విమానంలో ఎంత వెతికినా అతను కనిపించలేదు. కాసేపటికి పర్శరాములు మనసులో పురుగు తొలిచింది. ముక్కూ మొహం తెలియనివాడు ఊరికే సాయం చేస్తాడా? బొంబాయిలో ఏ బంగారమో మోయమంటాడు.

దిగగానే తల వంచుకుని, వెనక్కి చూడకుండా బయటపడ్డాడు.

రెండు నెలలకు తిరిగొచ్చినప్పుడు, దుబాయ్‌లో అతని కళ్లముందే ఒకణ్ణి కార్డులో అంకె తేడా ఉందని వచ్చిన విమానంలోనే వెనక్కి పంపేశారు. పర్శరాములును మాత్రం, కార్డు రెండుసార్లు చూసి లోపలికి పొమ్మన్నారు.

అంకె దిద్దించుకోమన్న ఆ మనిషిని వెతికి దండం పెట్టుకోవాలనుకున్నాడు. క్యాంపులో అందరినీ అడిగాడు. చివరికి ఎయిర్‌పోర్టుకు వ్యాను నడిపే మౌలా సాహెబ్‌ను అడిగాడు.

"మెట్‌పల్లాయనా? ఏ దినం పోయినవ్ నువ్వు?"

"మార్చి పదకొండు, పొద్దుగాల విమానం."

మౌలా సాహెబ్ చేతిలో ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ విమానంల మెట్‌పల్లోడు ఒక్కడే పోయిండు. భోజన్న. రాస్ అల్ ఖైమా క్వారీల బండ మీద పడి సచ్చిపోతే పెట్టెల పెట్టి నేనే ఎయిర్‌పోర్టుల దించిన. తోడు పోయేటోడు లేక బొంబాయిల మూడు దినాలు అట్లనే పడున్నడంట."