తొలి ముద్ద

“ఇవి మంచివేనని మీకెలా తెలుసు అత్తయ్యా?” బుట్టలోంచి ఒక పుట్టగొడుగును తీసి కిటికీ వెలుతురులో తిప్పి చూస్తూ అడిగింది కోడలు.

“మా అత్తగారు చూపించింది.”

“ఆవిడకి?”

“వాళ్ళ అత్తగారు. ఎర్రకాడవి ముట్టుకోకూడదని ఆవిడ వల్లే తెలిసిందిట. పాపం, చిన్నవయసులోనే పోయింది.”

“మరి మిగతావి మంచివని ఆవిడకెవరు చెప్పారు?”

“అలా తవ్వుకుంటూ పోతే పొయ్యి వెలిగేదెప్పుడు అమ్మాయ్? ఆ కత్తి ఇలా ఇయ్యి.”

కోడలు కత్తి ఇచ్చింది కానీ పట్టు వదల్లేదు. “ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు, ఇంకొకరు చెప్పకుండానే తెలుసుకుని ఉండాలిగా?”

“ఉండాలి,” అంటూ అత్తగారు కూర తరగడం మొదలుపెట్టింది.

వానలు మొదలయ్యాయంటే ఆ ఇంట్లో అందరికీ పుట్టగొడుగుల మీదే ధ్యాస. అడవిలోకి వెళ్ళి ఏరేదీ, తెచ్చి వండేదీ అత్తగారే. అంతవరకూ బాగానే ఉంది. కోడలికి కడుపు మండేది ఆ తరవాతి తంతు చూసే. పాల మీద మీగడ దగ్గర్నుంచి పండులో తియ్యటి ముక్క దాకా మనవరాలికే దాచిపెట్టే మనిషి, ఈ కూర మాత్రం దించీ దించగానే వంటింట్లో తనొక్కతే కూర్చుని తింటుంది. మిగతావాళ్ళకి మర్నాడు వేడిచేసి పెడుతుంది. పెళ్ళయిన కొత్తలో పెద్దావిడ చాపల్యంలే అని కోడలు సరిపెట్టుకుంది. ఇప్పుడు ఆశగా చూసేది తను కాదు, కూతురు.

కూర దిగింది. ఆ వాసనకి నాలుగేళ్ళ పిల్ల ఆటలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

“నానమ్మా, నాకూ!”

“రేపు పెడతా తల్లీ,” అంది అత్తగారు, అప్పటికే పళ్ళెం ముందేసుకుని ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

కోడలు ఇక ఊరుకోలేకపోయింది. చెంచాతో ఇంత కూర తీసి, ఊది, పిల్ల నోటి దగ్గర పెట్టబోయింది. అత్తగారు చెయ్యి విసిరి ఒక్క దెబ్బ వేసింది. చెంచా ఎగిరి గోడకు తగిలి కిందపడింది. పిల్ల బావురుమంది.

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆమెకి అంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

“పసిదాని ముందు మీరొక్కరే తింటుంటే ముద్ద గొంతు ఎలా దిగుతోంది అత్తయ్యా? అసలవి మంచివా, కాదా? అదైనా చెప్పండి!”

అత్తగారు మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని కొంగుతో కళ్ళు తుడిచింది. నోట్లో ఉన్న ముద్దను నిదానంగా నమిలి మింగింది.

“రేప్పొద్దున నేను లేస్తే మంచివే.”