లింకు కింద బొమ్మ

కాఫీ పొడి కొనడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకావిడ తన ఫోను చూపించి, "మా చర్చి గ్రూపులో వచ్చింది. ఈ బొమ్మలో ఉన్నది మీరే కదూ!" అని మురిసిపోయింది.

మెర్లిన్‌కి ఆ ఫోను లాక్కోవాలనిపించింది.

అది అరకులో తనూ, భర్త ధర్మా నడుపుకునే కాఫీ కొట్టు సైట్ లింకు. దాని కింద తన మొహం. బుట్టెడు కాఫీ పళ్లు చంకన పెట్టుకుని, లోకంలో ఏ భయమూ లేనట్టు నవ్వుతోంది.

ఆ ఫోటో రెండేళ్ల కిందటిది. సైట్లో చూసిన రోజే పట్టుబట్టి తీయించేసింది. తీసేస్తే పోయిందనుకుంది పాపం. ఇంటర్నెట్ అంత చెప్పిన మాట వినేదైతే ఇంకేం!

ధర్మను చేసుకుని ఇల్లు విడిచిన రోజు, రాజవొమ్మంగిలో నాన్న ఎలీయేజరు గుమ్మంలో కత్తి పట్టుకుని నిలబడ్డాడు. "మల్లీ నా కంటబడ్డావా, నరికి పోగులెట్టేత్తాను" అన్నాడు. చర్చిలో సంఘ పెద్ద. మాటంటే మాటే. అందుకే మెర్లిన్ ఫోన్ నంబరు మార్చేసింది. చుట్టాల గడప తొక్కలేదు. ఎక్కడుందో అమ్మకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు చూస్తే తన మొహం చర్చి గ్రూపుల్లో తిరుగుతోంది.

సైట్ చూసిపెట్టే సరళకు ఫోన్ చేసింది.

"పేజీలో తీసేసినాం గానీ అక్కా, లింకు పంపితే కింద వచ్చే బొమ్మ వేరేగా మార్సాల. అది మర్సిపోనాను" అంది సరళ. "ఉండు, బేగి మార్సేత్తాను."

మార్చింది. మెర్లిన్ లింకు పంపి చూసుకుంది. మళ్లీ తన మొహమే.

"మారనేదే!"

"మెసేజీల యాపు పాతది దాసుకుని అదే సూపిత్తంటాది. మల్లీ కొత్తగా సదువుకోమని సెప్పాల. కంగారు పడకక్కా."

కంగారు పడకట! ధర్మ తోటకి పోయాడు. రోడ్డు మీద జీపు చప్పుడైనప్పుడల్లా మెర్లిన్ కిటికీ సందులోంచి తొంగి చూస్తోంది. తలుపు గడియ పెట్టుకుని లింకు పంపింది, చూసింది, మళ్లీ పంపింది. ఆ నవ్వు మొహాన్ని చూస్తుంటే చెంప పగలగొట్టాలనిపించింది.

సాయంత్రానికి మొహం పోయి ఎర్రటి కాఫీ పళ్ల గుత్తి వచ్చింది. "స్తోత్రం ప్రభువా" అంటూ గోడకి చేరగిలబడి ఏడ్చేసింది. ఆ రోజు శనివారం.

సోమవారం మధ్యాహ్నం కొట్టు ముందు జీపు ఆగింది.

ఎలీయేజరు దిగాడు. గడ్డం మాసిపోయింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మెర్లిన్ పరుగున వెళ్లి తలుపు వేయబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు దణ్ణమెడతాను నాన్నా, నన్నేటీ సెయ్యకు! బొమ్మ తీయించేసినాను. ఇంక నీ కంటబడను!"

ఆయన గడపలోనే కూలబడ్డాడు.

"నువ్వు బాగున్నావో నేదో ఆ బొమ్మలో సూసుకోడానికే కదే, రెండేళ్లుగా పెతీ ఆదివారం చర్చి కాడ ఎవుల్నో ఒకల్ని బతిమాలి గ్రూపులోకి లింకు పంపించుకుంటన్నాను... నిన్న నువ్వు కనబడకపోతే, సచ్చిపోయావనుకున్నానే గుంటా!"