మెత్తబరచడం

ఆసుపత్రి ఫిర్యాదుల కిటికీ ముందు ఆ ఉదయం కూడా ఎవరూ అరవలేదు.

గుమస్తా గడియారం చూసుకుంది. పదకొండు. ఒకప్పుడైతే ఈపాటికి కనీసం ఇద్దరు ఆమె ఏడు తరాలనూ ఎత్తి తిట్టిపోసేవారు.

ఇదంతా తన చలవే అనుకుంది.

ఏడాది కిందట పైనుంచి కాగితం వచ్చింది. వచ్చినవాళ్లని ‘మాలిఫై’ చేయాలి, ఇంకొక్క గొడవ జరిగితే కుర్చీ ఖాళీ చేయాలి. ఆ ఇంగ్లీషు మాటని ఆమె నిఘంటువులో వెతికింది. లాటిన్‌లో ‘మెత్తన’ అనే మాట నుంచి పుట్టిందట. గట్టిపడ్డ గడ్డలను మందు రాసి మెత్తబరచడానికీ వాడేవారట. కోపం చల్లార్చడం అనే అర్థం దాకా వచ్చింది తరవాతేనట.

అప్పటినుంచీ ఎవరేం చెప్పినా మెత్తగా తలూపుతోంది. తిట్లు తిని తిని మనసు మొద్దుబారింది. దాన్నే ఓపిక అనుకుంది.

ఒక్కటే చిరాకు. బెంచీ చివర రోజూ కూర్చునే పెద్దాయన. టోకెన్ తీసుకోడు, వచ్చినవాళ్లతో ఒకటే కబుర్లు.

"ఇక్కడ మీకేం పని?"

"ఊరికే కూర్చున్నానమ్మా."

"ఇదేం పార్కు కాదు. రేపటినుంచి రాకండి."

"సరేనమ్మా."

లేస్తూ, పక్కన కోపంతో పళ్లు నూరుతున్న మనిషి చేతిలో తన నీళ్ల సీసా పెట్టాడు. "తాగి, నిదానంగా చెప్పు నాయనా. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?"

మర్నాడు పదకొండు కాకముందే ఎవరి పిడిగుద్దుకో కిటికీ అద్దం పగిలింది.

ఆమె అరచేతిలో గాజుపెంకు దిగింది. నొప్పి తెలియలేదు. ఇక కుర్చీ పోయినట్టే. అదీ పక్కింటివాళ్ల సంగతిలా ఉంది.

వాచ్‌మన్ పెంకులు ఊడుస్తూ అన్నాడు: "పెద్దాయనుంటే ఇంతదాకా రానిచ్చేవాడు కాదు మేడమ్. అందరి గోడూ ముందు ఆయనే వినేవాడు. మీ దగ్గరికొచ్చేసరికి సగం చల్లబడేవాళ్లు."

"ఎవరాయన?"

"పేరు తెలీదు. పోయినేడాది మీకేదో కాగితం ఇచ్చాడట. జవాబు కోసం చూస్తున్నానన్నాడు."

చిరునామా దొరికితే తీసుకొద్దామని పాత ఫైళ్లన్నీ తిరగేసింది.

ఒక ఫారం మూలన అంటించిన ఫొటోలో ఆయనే. ఫారం మీది తేదీ, ఆమె ఆ కొత్త మాట నేర్చుకున్న వారంలోదే.

ఆపరేషన్ బల్ల మీద తన కూతురు ఎందుకు పోయిందో చెప్పమని అందులో ఒక్కటే ప్రశ్న ఉంది, దాని కింద ఆమె గుండ్రటి చేతిరాతలోనే ఇలా ఉంది: ‘ఫిర్యాదుదారు మెత్తబడ్డారు. జవాబు అవసరం లేదు.’