ఎగుడుదిగుడు అక్షరాలు

ఆ రాయి యుద్ధానికి ముందు చెక్కిందా, తర్వాత చెక్కిందా? ఏళ్ల తరబడి తారాదేవిని వదలని అనుమానం ఇది.

సింగపూర్‌లో, తంజోంగ్ పగార్ పేటలో ఒక పాత చర్చి గోడలో ఉంది ఆ రాయి. దాని మీద లాటిన్‌లో ఏదో వాక్యం. తేదీ లేదు. కింద మూలన చిన్న చేప. ఆమె తండ్రి సింహాచలం తాను చెక్కిన ప్రతి రాయి మీదా పెట్టే గుర్తు అది.

పంతొమ్మిది వందల నలభై రెండులో, రేవు మీద జపాన్ బాంబులు పడ్డ రోజున, పనికి వెళ్లిన సింహాచలం తిరిగి రాలేదు. పోయాడన్నారు అందరూ. "రాలేదంతే. పోలేదు" అంది తల్లి నూకాలమ్మ. ఎవరూ వినలేదు. నలభై నాలుగులో ఆమే పోయింది. జపాన్ వాళ్ల పాసు కోసం బోసి నుదుటితో తీయించుకున్న ఫోటో ఒకటి మిగిలింది.

ఇప్పుడా ఫోటో టోవా పాయో ఫ్లాట్‌లో, దేవుడి అలమర పక్కన ఉంది. ఆ ఫ్లాట్‌లో ఒక గది మహీధర్‌కి అద్దెకిచ్చింది తారాదేవి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయట. వాటిని సరిచేయడం అతని ఉద్యోగం.

ఒక ఆదివారం అడిగింది. "మకాన్ అయ్యిందా, తిన్నావా తంబీ? తేదీలు బాగుచేసేవాడివి కదా, నాతో ఓ చోటికి రా."

దారిలో, యుద్ధంలో తిరిగిరాని తండ్రి సంగతి చెప్పింది. రాయిని చూసి మహీధర్ నవ్వాడు. "అక్షరాలేంటి ఆంటీ, ఇలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి?"

"మా నాయన చెయ్యి వణికిందేమో."

అతని నవ్వు ఆగింది. పెద్దగా చెక్కినవన్నీ ఐదు రకాల అక్షరాలే. ఎం, డి, సి, ఎల్, ఐ. బడిలో నేర్చుకున్న రోమన్ అంకెలు.

"వణకలేదు ఆంటీ. కావాలనే చెక్కారు. రాయి పెట్టిన సంవత్సరాన్ని వాక్యంలో దాచారు." వేళ్ల మీద కూడాడు. "వెయ్యి, ఐదొందలు, నాలుగు సి-లకు నాలుగొందలు, యాభై, ఒకటి. పంతొమ్మిది వందల యాభై ఒకటి!"

తారాదేవి మూలనున్న చేపను వేలితో తడిమింది.

"అంటే యుద్ధం అయ్యాక కూడా ఉన్నారు! మరి ఇంటికెందుకు రాలేదు?" అన్నాడు మహీధర్.

"అది ఆయన్నే అడగాల."

"మీరు తద్దినం పెట్టాలంటే తిథి కావాలిగా ఆంటీ. ఉత్త సంవత్సరం చాలదు."

"ఆయనకి పెట్టేవాళ్లు వేరే ఉంటార్లే తంబీ."

ఇంటికి రాగానే తారాదేవి కాళ్లు కడుక్కుని, దీపం వెలిగించి, మొగుడు బతికుండగానే నలుగురూ కలిసి చెరిపేసిన కుంకుమను ఇన్నేళ్లకు తల్లి ఫోటో నుదుట దిద్దింది.